ఆవుల డాక్టరు సాక్ష్యం

మా ఆడబిడ్డ ఆరాధన ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చిన వారంలోనే, చూడ్డానికి వచ్చిన ఒకావిడ కుర్చీలో సర్దుకుని కూర్చుని, "ఏదమ్మా, ఒక్కసారి చూపియ్యి" అంది. చూపించమన్నది పొట్ట మీది సంచిని. ఆరాధనకు పెద్దపేగు చివర క్యాన్సర్ వచ్చింది. ఆ ముక్క కోసేసి, మిగిలిన పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి కుట్టారు. మలం ఇక అక్కడి నుంచే వస్తుంది. అది పడడానికి ఒక ప్లాస్టిక్ సంచి అంటించి ఉంటుంది. ఏం చెయ్యాలో తెలియక ఆరాధన నైటీ అంచు గట్టిగా పట్టుకుంది. నేను ఆవిడ తెచ్చిన బత్తాయిల కవరు తీసి మళ్ళీ ఆవిడ ఒళ్ళోనే పెట్టాను. "ఇదేమన్న జాతరనా చూడనీకి? లేచి పో" అన్నాను.

ఆవిడ పోయింది గానీ అలాంటి వాళ్ళు రావడం ఆగలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గడపలోనే నిలబడి "అయ్యో పాపం" అనేవాళ్ళు, మంచినీళ్ళు ఇస్తే తాగకుండా గ్లాసు కిటికీలో పెట్టి పోయేవాళ్ళు, "మా మేనత్తకు గిట్లనే అయ్యింది, ఆర్నెల్లు కూడ బతకలే" అని ధైర్యం చెప్పిపోయేవాళ్ళు. రోగం కంటే పరామర్శకు వచ్చేవాళ్ళను చూస్తేనే నాకు డోకు వచ్చేది. ఇంత చెప్పినా నేను ఇంకా అసలు మనిషి దగ్గరికి రాలేదు. నేను చెప్పదలుచుకున్నది ఆరాధన భర్త ఎబినేజర్ గురించి.

బూర్గంపాడులో ఎబినేజర్ ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆవుల డాక్టరు ఇల్లు అంటే చిన్నపిల్లలు కూడా వెంటబెట్టుకుని వస్తారు. నిజానికి అతను డాక్టరు కాడు, గోపాలమిత్ర. బండి వెనక నైట్రోజన్ డబ్బా కట్టుకుని, ఎదకు వచ్చిన ఆవులకూ బర్రెలకూ చూడి కట్టడానికి సూది వేస్తూ అడవి పల్లెల నుంచి దమ్మపేట తోటల దాకా తిరుగుతాడు. ఈనిన బర్రెకు మాయ పడకపోతే భుజం దాకా చెయ్యి పెట్టి తీస్తాడు. పుండులో పురుగులు పడితే ఒక్కొక్కటే ఏరుతాడు. తర్వాత చెయ్యి కడుక్కుని, రైతు ఇచ్చిన టీ నింపాదిగా తాగుతాడు. మనుషుల దగ్గర నోట్లో నాలుక లేని మనిషి. బర్రెల దగ్గర మాత్రం "అయిపాయె తల్లీ, ఒక్క నిమిషం, అయిపాయె" అంటూ ఆగకుండా మాట్లాడతాడు.

పెళ్ళయిన కొత్తలో ఆరాధన అతన్ని ముందు గుమ్మంలోంచి రానిచ్చేది కాదు. ఇంటి వెనక్కి వచ్చి, అక్కడే స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుంటేనే లోపలికి ప్రవేశం. "ఏ బర్రెతోని కాపురం చేసొచ్చినవయ్యా ఇయ్యాల?" అని గోడ ఇవతలి నుంచే కేకేసేది. అంగన్‌వాడీ టీచరు కదా, గొంతు పెద్దది. తిండి కూడా గట్టిగా తినేది. కోడికూర వండితే బొక్క వదిలేది కాదు. నేను "కుక్కలకు కూడ మిగలనియ్యవా?" అంటే "మిగిలితే నీకే పెడత వదినె" అనేది. పిల్లలు పుట్టలేదు. ఊళ్ళో జనం ఆ మాట ఎత్తేవారు గానీ, వాళ్ళిద్దరూ దాని గురించి ఏడవడం నేను చూడలేదు.

నా పేరు మరియ. ఆరాధన అన్న క్రీస్తుదాసు నా భర్త. మా ఇల్లు వాళ్ళింటికి రెండు వీధుల అవతల, ముందు గదిలోనే నా టైలరింగ్ షాపు. హైదరాబాదు ఆసుపత్రిలో సంచి ఎలా ఖాళీ చెయ్యాలో, ఎలా మార్చాలో నర్సు నాకే నేర్పింది. మొదటి రోజుల్లో అన్నీ నేనే చేశాను. అసహ్యం వెయ్యలేదా అంటే, ఎందుకు వెయ్యదు? ముక్కు చిట్లించాను, "ఏం తిన్నవే తల్లీ" అని తిట్టాను, ఆరాధన సిగ్గుపడుతూనే నవ్వింది. అంతే, ఆ పని అయిపోయింది. నా అసహ్యం గురించి ఎవరూ ప్రార్థన పెట్టలేదు. ఆడమనిషి ఎత్తిపోస్తే అది ఇంటిపని. మగవాడు ఎత్తిపోస్తే అది మహిమ. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను ఎన్నాళ్ళని పరుగెత్తగలను? ఒకరోజు ఎబినేజరే "అక్కా, ఇగ నేను చేస్త" అన్నాడు. పక్కనే నిలబడి చూపించాను. సంచి అంచు ఊడదీశాడో లేదో, రెండు అడుగులు వెనక్కి వేసి, గది దాటి, మునగచెట్టు మొదట్లో కడుపులో ఉన్నదంతా కక్కాడు. ఆరాధన మంచం మీద పొట్ట తెరుచుకుని అలాగే పడుకుని ఉంది. నేను గబగబా తుడిచి కొత్త సంచి అంటించాను. ఆమె కిటికీలోంచి అతని వంగిన వీపు కనిపిస్తుంటే అటే చూస్తూ ఉంది.

మర్నాటి నుంచి అతను పద్ధతి మార్చాడు. రెండు ముక్కుపుటాల్లో విక్స్ రాసుకుని, ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు కట్టుకుని వచ్చేవాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుండేవి. పని కాగానే మాస్కు కిందికి లాగి ఒక నవ్వు నవ్వేవాడు. ఫోటో స్టూడియోలో నవ్వమంటే మా అత్త నవ్వే నవ్వు అది. "ఏం లేదు, ఏం లేదు, నాకేం గాలే" అనేవాడు. చూసే నాకే ఆ నవ్వు భరించరానిదిగా ఉండేది. మంచం మీద ఉన్నామెకు ఎలా ఉండేదో మరి.

ఊళ్ళో ఈ సంగతి ఎలా తెలిసిందో తెలియదు. టీ బండి దగ్గర ఒకడు "బర్రె లోపల చెయ్యి పెట్టేటోనికి పెండ్లాం సంచి బరువైందా?" అన్నాడట. నా మొగుడు కూడా తక్కువ తినలేదు. "మా చెల్లె బర్రె కంటే హీనమైందా బావా?" అని ముఖం మీదే అడిగాడు. తాను మాత్రం ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి చెల్లెలి గది గడప దాటలేదు! ఎబినేజర్ తలొంచుకున్నాడు. మింగలేక కక్కలేక అంటారే, అతని బతుకు అచ్చంగా అదే అయింది.

అప్పుడు ఆరాధన తినడం తగ్గించింది. నాకు వెంటనే తెలియలేదు. రాత్రి అన్నం మానేసింది, అరగడం లేదేమో అనుకున్నాను. తర్వాత నేను చూడ్డానికి వచ్చే వేళకే సంచి నిండి, నా చేతే ఖాళీ చేయించుకునేలా పొద్దున్నే రెండు ఇడ్లీలు తిని, మిగతా రోజంతా మంచినీళ్ళతో గడిపేది. ఆ పైన ఇడ్లీలు కూడా పోయాయి. తినకపోతే సంచి నిండదు, సంచి నిండకపోతే మొగుడు నవ్వక్కర్లేదు. ఆమె లెక్క అది. అడిగితే "ఆకలి లేదు వదినె" అంది. బొక్కలు నమిలే మనిషికి ఆకలి లేదట!

ఆపరేషన్ తర్వాత కీమో ఎక్కించాలి. మొదటిసారి ఎక్కించారు. రెండోసారి హైదరాబాదు తీసుకుపోతే, రక్తం చూసి, బరువు చూసి వెనక్కి పంపేశారు. "ఒంట్లో బలం లేకుండా ఈ మందు ఇస్తే రోగం కంటే ముందు మందే తీసుకుపోతుంది. బాగా తిని రండి. ఇలాగే వస్తే ఇక ఈ వైద్యం కుదరదు" అన్నారు డాక్టరమ్మ. తిరుగు ప్రయాణంలో బస్సంతా నిద్రపోయింది గానీ మేము ముగ్గురం కళ్ళు తెరుచుకునే ఉన్నాం. ఆమె తింటే బతుకుతుంది. అంతకంటే చెప్పాల్సింది ఏమీ లేదు.

మా చర్చి సంఘం వాళ్ళు వెంటనే రంగంలోకి దిగారు. ఏం చేశారనుకున్నారు? ఆరాధన కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. తినని మనిషి కోసం ఊరంతా తినకుండా కూర్చోవడం! నేను ఆ మాట పైకి అంటే మా ఆయన నన్ను మోచేత్తో పొడిచాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నేను పుట్టింది తిరుమలాయపాలెం దగ్గర కేథలిక్కు ఇంట్లో. మా పుట్టింటి వైపు ఏదైనా ఉంటే గురువు చెవిలో గుసగుసగా చెప్పుకుని వచ్చేస్తాం. అత్తింటి సంఘంలో అలా కాదు. మైకు పట్టుకుని అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. ప్రభువును అడిగింది దొరికిందని చెప్పాలి. ఇంకా దొరకకపోయినా దొరికిందని చెప్పడమే విశ్వాసం అని ఆ సంఘంలో ఒక లెక్క. జ్వరం నూట రెండు ఉండగానే "స్వస్థత పొందాను" అని చెప్పి, అక్కడే కూలబడిన వాళ్ళను నేను చూశాను.

ఎబినేజర్ పాపం, పాస్టరు గారి దగ్గరికి ఒంటరిగా పోయి తన బాధ చెప్పుకున్నాడు. ఆయన తల మీద చెయ్యి పెట్టి, అసహ్యం పోవాలని ప్రార్థన చేశాడు. అంతవరకు తప్పేం లేదు. తర్వాతి ఆదివారం, నిండు గుడిలో, మైకు అతని నోటి దగ్గర పెట్టి "ఎబినేజర్ బ్రదర్, నీ భార్యకు సేవ చేయడానికి అడ్డుగా ఉన్న ఆ అసహ్యాన్ని ప్రభువు తీసివేశాడా, లేదా?" అని అడిగాడు. రేకుల షెడ్డు నిండా జనం. డప్పు వాయించే కుర్రాడు చెయ్యి పైకెత్తి సిద్ధంగా ఉన్నాడు. లేదని ఎవడు చెప్పగలడు?

"తీసేసిండు" అన్నాడు ఎబినేజర్.

హల్లెలూయా అన్నారు, చప్పట్లు కొట్టారు, డప్పు మోగింది.  ఆరాధన సంచిలో చూసిన దానికంటే ఎక్కువ రోత ఆ చప్పట్లలో ఉంది. పైన పటారం, లోన లొటారం.

ఆ ఒక్క మాటతో అతను ఇరుక్కుపోయాడు. ఇక కష్టంగా ఉందని ఎవరితో చెప్తాడు? సాయం అడిగితే సాక్ష్యం అబద్ధమవుతుంది. పైగా జనం అతని దగ్గరికే రావడం మొదలైంది. సత్తుపల్లి దగ్గర్నుంచి ఉదయ్ భాస్కర్ అని ఒకాయన, తల్లి మంచాన పడిందట, ఫోను చేసి "అన్నా, మీకు పోయిందట గదా, నాక్కూడ పొయ్యేటట్టు ప్రార్థన చెయ్యండి" అని ఏడ్చాడు. ఎబినేజర్ ఫోనులోనే ప్రార్థన చేశాడు. ఆ రోజు సాయంత్రం మునగచెట్టు దగ్గర మళ్ళీ కక్కాడు. తర్వాత దమ్మపేట వైపు దూరపు కేసులన్నీ ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు. ఊళ్ళో వాళ్ళు "ఎంత కష్టపడుతున్నడో పెండ్లాం కోసం" అన్నారు. మనుషులకు కళ్ళు ఎందుకున్నాయో నాకు అర్థం కాదు.

లాలి వచ్చింది అప్పుడే. ప్రభుత్వ దవాఖానాలో పాలియేటివ్ కేర్ అని ఒక విభాగం ఉంది. పెద్ద జబ్బు చేసిన వాళ్ళ ఇళ్ళకు వ్యానులో వచ్చి నొప్పి, పుండ్లు, మనసు బాధ చూసిపోతారు. నర్సుతో పాటు ఈ అమ్మాయి దిగింది. ఇల్లెందు వైపు తండా పిల్ల, హైదరాబాదులో సైకాలజీ చదివిందట. ముఖం చూస్తే ఇంకా పరీక్షలు రాసే వయసులా ఉంది. ఈ పిల్ల ఏం చెప్తుందిలే అనుకున్నాను.

"ఏం తిన్నరక్కా ఇయ్యాల?" అని ఆరాధనను అడిగింది.

"ఆకలి లేదమ్మా."

"అబద్ధం" అన్నాను నేను.

లాలి నన్ను చూసి, ఎబినేజర్ వైపు తిరిగింది. ఆ రోజు వ్యాను వస్తుందని నేనే పట్టుబట్టి అతన్ని ఇంట్లో ఆపాను. "సంచి మీరే చూస్తరా అన్నా? చేసేటప్పుడు మీకు ఎట్ల అనిపిస్తది?"

"ఏం అనిపియ్యది మేడం. ప్రభువు తీసేసిండు." ముక్కు కింద విక్స్ మెరుస్తూనే ఉంది. ఆరాధన గోడవైపు తిరిగి పడుకుంది.

లాలి వాదించలేదు. అతనితో కలిసి అరుగు మీదికి పోయి కూర్చుంది. నేను టీ వంకతో వెనకాలే పోయాను. వినకుండా ఉండడం నాకు చేతకాదు.

"బర్రెల దగ్గర కూడ మీకు ఏం అనిపియ్యదా?" అంది.

అతను ఎన్నో రోజుల తర్వాత నిజంగా నవ్వాడు. "ఎందుకు అనిపియ్యది? మాయ కుళ్ళితే ఆ కంపు ఏ సబ్బుకూ పోదు మేడం. ఆ పూట అన్నం ముద్ద దిగది."

"మరి చెయ్యి ఎట్ల పెడతరు?"

"పెట్టకుంటే బర్రె సస్తది గదా."

"అంటే అసహ్యం పోయినంక పెడతలేరు. అది ఉండంగనే పెడుతున్నరు."

ఎబినేజర్ టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, "బర్రె నా మొహం చూడది మేడం. ఆమె చూస్తది" అన్నాడు. అని రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు.

ఊరంతా అతనికి కంపు పడటం లేదనుకుంది. నేనూ అదే అనుకున్నాను. అతను పోట్లాడుతున్నది కంపుతో కాదు, తన ముఖంతో. అసహ్యం అందులో కనిపించకూడదు, కనిపిస్తే ఆమె చచ్చిపోతుంది అన్నట్టు ముఖాన్ని బిగపట్టుకున్నాడు. లాలి అతన్ని ఏడవనిచ్చింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మనసు లోపలికి ఏమొస్తదో మన చేతిల లేదన్నా. తోసేకొద్దీ అది ఇంకా గట్టిగ వస్తది. మీరు పొద్దంతా దాంతోనే కుస్తీ పడుతున్నరు. ఇగ అక్క దగ్గర కూర్చోనీకి మీకు చెయ్యి ఎక్కడ ఖాళీ ఉంటది?" ఈ పద్ధతిని యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ అంటారట. వచ్చినదాన్ని రానివ్వడం, మనకు ముఖ్యమైన పనిని మాత్రం వదలకపోవడం.

నాకు కోపం వచ్చింది. "ఓర్చుకొమ్మనే గదా నువ్వు చెప్పేది? మా ఆడోళ్ళకు పుట్టినకాడి నుంచి చెప్పేది గదే. దానికి ఇంగ్లీషు పేరెందుకు?"

"ఓర్చుకునుడు అంటే పళ్ళు కొరికి పట్టుకునుడు అక్కా. అది అన్న ఇప్పటికే చేస్తున్నడు, విక్స్ పెట్టుకుని. నేను పళ్ళు వదలమంటున్న."

నేను గ్లాసులు ఎత్తుకుని లోపలికి పోయాను. ఆ మాట నిజమైనందుకు ఇంకా కోపం వచ్చింది.

తర్వాత లాలి వారం వారం వచ్చింది. నిద్ర బొత్తిగా పట్టకపోయినా, చావాలనిపించే ఆలోచనలు వచ్చినా దాచొద్దని, భద్రాచలంలో మానసిక వైద్యుడి దగ్గరికి తనే తీసుకుపోతానని మొదటే చెప్పింది. ఆమె చేయించిన పనులు చూస్తే మాత్రం నవ్వొచ్చేది. ఒకసారి అరుగు మీద ఇద్దరూ "కంపు కంపు కంపు కంపు" అని వేగంగా జపం చేస్తున్నారు. పక్కింటి వాళ్ళు తొంగి చూశారు. అలా అంటూ పోతే ఆ మాట ఉత్త చప్పుడైపోతుందట, మీద పడి కరవదట. ఇంకోసారి కళ్ళు మూసుకోమని, "అసహ్యం ఎక్కడుంది?" అని అడిగింది. "గొంతుల. ఉడకని అన్నం ముద్ద లెక్క" అన్నాడు. "దాన్ని మింగొద్దు, కక్కొద్దు. దాని చుట్టూ ఊపిరి పోనియ్యండి" అంది. ఏడ్చేవాణ్ణి ఏడవమని చెప్పడానికి హైదరాబాదులో చదవాలా అని నేను సణిగాను.

ఒక ప్రశ్న మాత్రం నాకు గుర్తుండిపోయింది. "మీకు ఈ ఇంట్ల అన్నిటికంటె ముఖ్యమైంది ఏంది?" అని అడిగింది.

"ఆమె తినాలె."

"అది అక్క చేతుల ఉన్నది. మీ చేతుల ఉన్నది చెప్పండి."

అతను గోళ్ళు గిల్లుకుంటూ ఆలోచించాడు. "ఆమె తినేటప్పుడు నేను ఇంట్ల ఉండాలె" అన్నాడు. మళ్ళీ తనే, "తిన్నంక కూడ" అన్నాడు.

మర్నాడు దమ్మపేట ఫోను వస్తే రానని చెప్పాడు. మధ్యాహ్నం మాస్కులు తీసేసి, విక్స్ లేకుండా, ఉత్త ముఖంతో ఆమె ముందు కూర్చున్నాడు. "ఆరాధనా, నాకు అసహ్యం పోలే. రోజూ వస్తది. వాంతొస్తే బయటికి పోత. మళ్ళ వస్త. పని నేనే చేస్త" అన్నాడు.

"గుడిల చెప్పింది?"

"అబద్ధం."

అంతా చక్కబడుతుందని మీరనుకుంటున్నారేమో. ఆమె అతన్ని గది బయటికి పొమ్మంది. ఆ రోజు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మర్నాడూ అంతే. నేను అగ్గి మీద గుగ్గిలమై లాలికి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ పిల్ల అంతా విని, "నా తప్పే అక్కా. ఆమెతోని ముందు మాట్లాడాల్సింది. అన్న ఒక్కడే రోగి అన్నట్టు చేసిన" అంది. ఆ పూటే వచ్చింది. నన్ను కూడా బయటికి పంపించి తలుపు దగ్గరకు వేసుకుంది. తలుపు మందం కాదు కాబట్టి వినపడింది.

"ఆయనకే గాదమ్మా, నాకే నేనంటే రోత" అంటోంది ఆరాధన. "ఇన్ని రోజులాయె, దాన్ని నేను చూడనేలే. మార్చేటప్పుడు కళ్ళు మూసుకుంట. ఆయన నవ్వుతుంటే... ఇంత రోతను చూసి మనిషి నవ్వుతుండంటే, ఇగ నా పని అయిపోయింది, సచ్చిపోయే రోగిని చూసి నవ్వినట్టు నవ్వుతున్నడు అనుకున్న."

లాలి ఏం చెప్పిందో సరిగా వినపడలేదు. ఇవాళే చూడక్కర్లేదు అన్నది మాత్రం వినబడింది. ఆ సాయంత్రం ఆరాధన గంజి తాగింది.

మూడో నాలుగో రోజు ఎబినేజర్ సంచి మారుస్తుంటే ఆమె తల ఎత్తి పొట్ట మీది పేగు కొసను చూసింది. ఎర్రగా, తడిగా, నోటి లోపలి చర్మంలా ఉంటుంది అది. "ఛీ" అంది. అతను కూడా "ఛీ" అన్నాడు. ముఖం అష్టవంకరలు పోయింది. మధ్యలో ఒకసారి "మళ్ళ వస్త" అని పరుగెత్తాడు, నోరు కడుక్కుని నిజంగానే మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత అది రోజూ జరిగే తంతు అయింది. ఇద్దరూ ఛీ ఛీ అనుకుంటుంటే దారిన పోయేవాళ్ళు మొగుడూ పెళ్ళాల పోట్లాట అనుకునేవారు. ఆరాధన పిడికెడు అన్నం తినేది. పిడికెడే, అంతకు మించి దిగేది కాదు. పిడికెడుతో కీమో ఎక్కించరు. హైదరాబాదు పోవాల్సిన తేదీ దగ్గరపడుతోంది.

సంఘం వార్షిక కూడిక ఆ వారమే వచ్చింది. ఆరాధన వస్తానంది. ఆపరేషన్ తర్వాత ఇల్లు దాటడం అదే మొదటిసారి. ఆడవాళ్ళ వైపు చాప మీద నా పక్కన కూర్చుంది. మా చుట్టూ ఇంకో నలుగురు కూర్చునేంత జాగా ఖాళీగా మిగిలింది. భక్తులు! ఒకావిడ పమిట సర్దుకుంటున్నట్టు నటిస్తూ జరిగి కూర్చుంది. నేను ఆవిడ వంకే గుడ్లురిమి చూశాను.

పాస్టరు గారికి పాత సాక్ష్యం గుర్తుంది. బయటి ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చారు కదా, మైకు తీసుకుని "అసహ్యాన్ని జయించిన మన ఎబినేజర్ బ్రదర్" అని పిలిచాడు. ఎబినేజర్ మగవాళ్ళ వైపు నుంచి లేచాడు. ముందుకు వచ్చి మైకు అందుకున్నాడు.

"నేను ఆనాడు అబద్ధం చెప్పిన. అసహ్యం పోలే. ఇయ్యాల పొద్దున గూడ వచ్చింది. రేపు గూడ వస్తది. పోవాలని నేను ప్రార్థన చేస్తలేను ఇప్పుడు. అది ఉన్నా నా చెయ్యి ఆగకూడదని చేస్తున్న. ఆమె నా భార్య. గంతే."

ఒక్కరూ హల్లెలూయా అనలేదు. డప్పు కుర్రాడు చెయ్యి దించేశాడు. పాస్టరు గారు మైకు లాక్కుని, సాతాను శోధన మళ్ళీ వచ్చింది, సోదరుని కోసం ప్రార్థిద్దాం అన్నాడు. జనం కళ్ళు మూసుకున్నారు. కళ్ళు మూసుకోవడం ఎంత సుఖమో వాళ్ళకే తెలుసు.  నేను మాత్రం కళ్ళు మూసుకోలేదు.

బయట ఒకాయన ఎబినేజర్‌ను ఆపాడు. ఫోనులో ఏడ్చిన ఉదయ్ భాస్కర్ ఆయనే. "రోజూ వస్తదా అన్నా?" అని అడిగాడు. "రోజూ" అన్నాడు ఎబినేజర్. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "నాకొక్కనికే అనుకున్న" అని, కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

కూడిక అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమవిందు మొదలైంది. అన్నం, మటన్, పప్పుచారు. ఆరాధన పళ్ళెంలో నేను రోజూలాగే పిడికెడు పెట్టాను. ఆమె తింటుండగానే సంచి చప్పుడు చేసింది, వాసన కూడా వచ్చింది. చుట్టుపక్కల పళ్ళేలు లేచిపోయాయి. ఎబినేజర్ మగవాళ్ళ వరస దాటుకుని వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని షెడ్డు వెనక బాత్రూముకు తీసుకుపోయాడు. కాసేపటికి ఇద్దరూ తిరిగి వచ్చారు. అతని ముఖం నల్లబడి ఉంది, పెదవులు ముడుచుకుపోయి ఉన్నాయి, కళ్ళు నీళ్ళతో ఉన్నాయి. అందరూ అటే చూస్తున్నారని తెలిసి, అలవాటు కొద్దీ ఆ పాత నవ్వు తెచ్చుకోబోయాడు.

"వద్దు" అంది ఆరాధన. "మొహం అట్లనే ఉంచయ్యా. నువ్వు నవ్వినప్పుడల్లా నేను సచ్చిపోతున్ననేమో అనిపించేది."

అతను నవ్వు మానేశాడు. ఆ ముఖంతోనే ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె పళ్ళెం నా వైపు జరిపింది.

"వదినె, ఇంకా పెట్టు. కూర కూడ. బొక్క ముక్క చూసి వెయ్యి."